శతకోటి తర్వాత

మా అమ్మకు పెద్ద అంకెలంటే నోరూరేది. లెక్కలు చేయడం కాదు, వాటి పేర్లు పలకడం. చిన్నప్పుడు వాళ్ల నాన్న నేర్పిన వరస ఆమెకు కంఠతా వచ్చు. ఏకం, దశ, శతం, సహస్రం అంటూ మొదలై, లక్షలూ కోట్లూ దాటి, శతకోటి, అర్బుదం, న్యర్బుదం, ఖర్వం, మహాఖర్వం, పద్మం, మహాపద్మం అంటూ నా ఊహకు అందని చోటికి పోయేది. రోజూ పొద్దున్నే మా అమ్మాయికి జడ వేస్తూ ఈ వరస చెప్పించేది. జడ అయ్యేసరికి ఇద్దరూ మహాపద్మం దాకా వచ్చేవాళ్లు.

నాకు ఒళ్లు మండేది. ఒకపక్క ఆఫీసుకు టైమవుతుంటే ఈ పారాయణం ఏమిటి!

"ఎందుకమ్మా దానికివన్నీ? బళ్లో అడుగుతారా, బజార్లో అడుగుతారా?"

"అడక్కపోతే పోనీవే. నోరు తిరుగుతుంది."

రెండో తరగతి చదివే మా అమ్మాయికి మాత్రం అన్నీ సందేహాలే. "అర్బుదం అంటే ఎంత అమ్మమ్మా?" అనేది.

"బోలెడు."

"నువ్వు చూశావా?"

"ఎవరూ చూళ్లేదే తల్లీ. చూడలేకే పేర్లు పెట్టుకున్నారు. పేరుంటే పిలవొచ్చు. పిలిస్తే కాస్త చనువొస్తుంది."

తొంభైల చివరి మాట ఇది. కొత్తగూడలో అద్దెకుండేవాళ్లం. మాదాపూర్ వైపు కొత్త భవనాల కోసం బండలు పేలుస్తుంటే మా వంటింట్లో గిన్నెలు గలగలలాడేవి. నా ఉద్యోగం అటే. సంవత్సరానికి చివరి రెండంకెలు మాత్రమే గుర్తుపెట్టుకునే పాత ప్రోగ్రాముల్ని రెండువేలు వచ్చేలోపు సరిచేయడం మా పని. ఒకసారి ఫోన్లో అమెరికా ఆయన రికార్డులెన్ని అని అడిగితే, నేను ఠక్కున "ట్వెల్వ్ క్రోర్స్" అన్నాను. అవతల చప్పుడు లేదు. లైను తెగిందేమోనని "హలో, హలో" అని అరిచాను. పక్క సీట్లవాళ్లు వారం రోజులు నన్ను కోటమ్మా అని పిలిచారు. ఆ ఉక్రోషంతో కూర్చుని వల్లె వేశాను: పది లక్షలైతే మిలియన్, నూరు కోట్లైతే బిలియన్. నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా చెప్పేదాన్ని. అది ఎంతో మాత్రం నాకూ తెలియదు. అమ్మ బోలెడు అనేది, నేను బిలియన్ అనేదాన్ని.

ఆ చలికాలంలో ఒకరోజు అమ్మ స్నానం చేసి వచ్చి, రొమ్ములో ఏదో గట్టిగా చేతికి తగులుతోందని చెప్పింది. పప్పులో ఉప్పు తగ్గిందన్నంత మామూలుగా చెప్పింది. క్యాన్సరేమోనని డాక్టరు సూది గుచ్చి పరీక్షకు పంపారు. మా పెద్దమ్మ, అంటే అమ్మకు సొంత అక్క, ఆ జబ్బుతోనే పోయింది. ఆ పేరు చెవిన పడితే అమ్మ జబ్బు కన్నా ముందు దిగులుతోనే మంచం పడుతుందని నాకూ మా అన్నయ్యకూ భయం. ఫోన్లో ఒక మాట అనుకున్నాం. అమ్మకు మాత్రం కొవ్వు గడ్డ అనే చెప్పాం. "సరేలే" అంది.

ఫలితం చెప్పే రోజున పాపను ఇంటి ఓనరమ్మ దగ్గర వదిలి వెళ్దామనుకున్నాను. ఆమె పట్టుచీర కట్టుకుని ఎదురొచ్చింది.

"ఇయ్యాల మా తమ్మునింట్ల లగ్గమున్నది బిడ్డా. పాపను జర మీతోటే తీస్కపోండ్రి. ఫికర్ జెయ్యకు, అమ్మకు ఏం గాదు."

అలా ముగ్గురం ఆటోలో దవాఖానకు వెళ్లాం. హాల్లో బెంచీ మీద కూర్చున్నాం. మా అమ్మాయికి అప్పుడప్పుడే తెలుగు చదవడం పట్టుబడింది. దారిన కనిపించిన ప్రతి బోర్డూ చదివితేగానీ ఊరుకోదు. ఎదుటి గోడ మీది బోర్డు కేసి చూసి, కూడబలుక్కుని, ఒక్కసారిగా లేచి గంతేసింది.

"అమ్మమ్మా! అర్బుదం! నీ అర్బుదం ఇక్కడ రాశారు!"

'అర్బుదాన్ని తొలిదశలోనే గుర్తించండి' అని ఉందక్కడ. క్యాన్సర్‌కూ తెలుగులో అదే పేరు. హాలంతా మా వైపు చూసింది. పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ? దాని నోరు మూయాలో, అమ్మ కళ్లు మూయాలో తెలియక నేను బిగుసుకుపోయాను.

అమ్మ బోర్డు వైపు చూసింది. తర్వాత పిల్లను దగ్గరకు లాక్కుంది.

"అవునే. శతకోటి తర్వాతది. అర్బుదం తర్వాత ఏవిటి?"

"న్యర్బుదం."

"ఆఁ. అక్కడితో ఆగిపోదు కదా. చెప్పు, తర్వాత?"

హమ్మయ్య, ఆ మాటకున్న ఇంకో అర్థం అమ్మకు తెలియదు, అనుకున్నాను. ఎంత తెలివిదాన్నో చూడండి!

లోపల డాక్టరుగారు నా ముఖం చూసి సంగతి గ్రహించారు కాబోలు, నాతో ఇంగ్లీషులోనే మాట్లాడారు. అనుమానించిందే నిజమైంది. ఆపరేషన్ చేయాలి. గడ్డ బఠాణీ గింజ కన్నా కాస్త పెద్దది, అంతే. అంత చిన్నదాంట్లోనే దాదాపు బిలియన్ కణాలుంటాయట. తొందరగా వచ్చి మంచిపని చేశారన్నారు.

"బిలియన్ అంటే ఎంతే?" అని ఆ ఒక్క మాట పట్టుకుని అడిగింది పక్కనే ఉన్న అమ్మ.

"నూరు కోట్లు," అనేశాను. అలవాటైన నోరు కదా, ఆగలేదు.

అమ్మ వేళ్ల మీద లెక్కేసుకుంది. "అంటే శతకోటి. ఇంకా అర్బుదం కాలేదన్నమాట డాక్టరుగారూ."

డాక్టరుగారు నవ్వబోయి ఆగిపోయారు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఆయన ముందే వెక్కివెక్కి ఏడ్చాను. అమ్మ నా వీపు నిమిరింది.

"ఊరుకోవే. మీ పెద్దమ్మ పక్కన కూర్చున్నది నేనేగా? సూది గుచ్చిన రోజే తెలుసు నాకు. మీరు తట్టుకోలేరని ఊరుకున్నాను."

ఆపరేషన్ బాగా జరిగింది. కుట్లు విప్పించుకోవడానికి వెళ్లిన రోజు అమ్మే ముందుగా అంది, "తెలుగులో చెప్పండి బాబూ. మా అమ్మాయి తర్జుమా చేస్తే భయమేస్తోంది."

"గడ్డ మొత్తం తీసేశామమ్మా. అయినా ఎక్కడైనా ఒక్క కణం మిగిలితే మళ్లీ పెరగొచ్చు. అందుకే మందులు వాడాలి, పరీక్షలకు రావాలి."

"ఒక్కటేనా?"

"ఒక్కటి చాలమ్మా."

శతకోటి అన్నప్పుడు బెదరని మనిషి ఆ మాటకు పాలిపోయింది. జీవితంలో మొదటిసారి నాకూ ఒక అంకె ఎంతో అర్థమైంది, దాన్ని తట్టుకోవడం నావల్ల కాలేదు.

మర్నాడు పొద్దున్నే మా అమ్మాయి దువ్వెన తెచ్చి అమ్మమ్మ ముందు బాసింపట్టు వేసుకు కూర్చుంది. చాలా రోజుల తర్వాత దొరికిన అమ్మమ్మ. హుషారుగా మొదలుపెట్టింది.

"ఏకం..."

జుట్టులో అమ్మ చెయ్యి ఆగిపోయింది.

"ఏకం వద్దులే అమ్మా. దశ నుంచి అందాం."

"ఒకటి లేకుండా పది ఎలా వస్తుంది అమ్మమ్మా?"

"వస్తుందిలే. నువ్వను."

గడ్డ మళ్లీ రాలేదు. అయినా అమ్మ బతికినన్నాళ్లూ మా ఇంట్లో ఆ లెక్క దశ నుంచే మొదలైంది.