ఆర్విడ్ ఇంటి ముందు కదలని ట్రైలర్

మా పక్కింటి ఆర్విడ్ లిండ్‌స్ట్రోమ్ ధాన్యం గోదాములో ఉద్యోగం మానేసిన వారంలోనే, కోళ్ళు కాపురం చేస్తున్న ఒక పాత ట్రైలర్‌ని ఎవరి పొలంలోంచో ఇంటి ముందుకి ఈడ్చుకొచ్చాడు. బండి వెనక తగిలించుకుని ఊళ్ళు తిరిగే చిన్న ఇల్లన్నమాట. రేకంతా సొట్టలు. కప్పు కారి కారి నేల చెక్క పొడిపొడి అయిపోయింది. గోడల్లో ఎలుకలు తరతరాలుగా స్థిరపడ్డాయి. ఆర్విడ్ దాని చుట్టూ ఒకసారి తిరిగి "పర్వాలేదు" అన్నాడు. మా మిన్నెసోటా రాష్ట్రంలో పర్వాలేదంటే బ్రహ్మాండమని అర్థం.

నేను న్యూజెర్సీ దాన్ని. పెళ్ళి చేసుకుని ఇక్కడికొచ్చి జుట్టు నెరిసింది గానీ ఈ మనుషుల మొహమాటం మాత్రం నాకు ఒంటబట్టలేదు. ఎవరింటికి వెళ్ళినా కాఫీ తాగుతావా అంటారు. వద్దనాలి. మళ్ళీ అడుగుతారు, మళ్ళీ వద్దనాలి. మూడోసారి అడిగాక, "మీకు శ్రమ లేకపోతే ఒక్క గుక్క" అనాలి. కొత్తలో నేను మొదటిసారే ఇవ్వమన్నందుకు మా అత్తగారు గుండె పట్టుకుంది. చర్చి విందులో చివరి కేకు ముక్క ఎవరూ తీసుకోరు. అందులో సగం కోసుకుంటారు, ఆ సగంలో సగం కోసుకుంటారు, చివరికి చీమకి కూడా చాలనంత మిగిలితే దానికి మూతపెట్టి దాస్తారు.

ఆర్విడ్ పనితనానికి మాత్రం వంక పెట్టలేం. కుళ్ళిన నేల పెకలించి కొత్త చెక్క పరిచాడు. కప్పు అతుకుల్లో పాత జిగురు గీకి కొత్తది పూశాడు. పైన గొట్టంతో నీళ్ళు వదిలి, లోపల టార్చిలైటు పట్టుకుని కూర్చుని చుక్క కోసం కాపలా కాశాడు. ఒక్క చుక్క పడలేదు. నేనైతే గంతులేసేదాన్ని. అతను రేపు మళ్ళీ చూడాలన్నాడు. అలమరలు చేశాడు, పొయ్యి బాగుచేశాడు, ముఖం చూసుకునేలా రేకు తోమాడు. అతని భార్య మార్లిస్ పసుపు గళ్ళ కర్టెన్లు కుట్టింది. సుపీరియర్ సరస్సు ఒడ్డున ట్రైలర్ నిలిపి, పొద్దున్నే కర్టెన్ పక్కకి లాగితే నీళ్ళు కనబడాలని ఆమె కోరిక. ఆ సంగతి నాతో చెప్పింది గానీ మొగుడితో చెప్పలేదు, నన్నూ చెప్పొద్దంది.

ట్రైలర్ తయారైంది. కదల్లేదు. ఆ వేసవి పోయింది, ఇంకో వేసవి వచ్చింది. ఆర్విడ్ బాగున్న తలుపు పిడి ఊడదీసి, అంతే బాగున్న ఇంకో పిడి బిగించాడు. ఎలుకలు లేని గోడని ఎలుకల కోసం విప్పాడు. మార్లిస్ ఎవరూ ముట్టని కర్టెన్లు ఉతికి, ఇస్త్రీ చేసి, మళ్ళీ తగిలించేది. ఈ ఏడు మంచు కరగ్గానే ట్రైలర్ కిటికీలో "అమ్మబడును" అని అట్టముక్క వెలిసింది.

నాకు ఒళ్ళు మండింది. వెళ్ళి ఆర్విడ్‌ని నిలదీశాను. మార్లిస్‌కి ప్రయాణాలు ఇష్టం లేవనీ, ఆమెని ఇబ్బంది పెట్టడమెందుకనీ, ఊరికే కూర్చుంటే దిగులేస్తుంది గనక ఏదో ఒకటి విప్పి బిగిస్తున్నాననీ నేల చూపులు చూస్తూ చెప్పాడు. అక్కణ్ణించి మార్లిస్ దగ్గరికి పోయాను. ఆయనకి ఊళ్ళు తిరగడం కంటే ట్రైలర్ విప్పుకోవడమే సరదా అనీ, దాన్ని చెడగొట్టడమెందుకనీ ఆమె అంది. కళ్ళు తుడుచుకుని, ఉల్లిపాయల ఘాటంది. వంటింట్లో ఉల్లిపాయ జాడ లేదు. ఇద్దర్నీ పట్టుకుని బుర్రకి బుర్ర కొట్టాలనిపించింది.

శనివారం పక్క ఊరి నుంచి డ్వేన్ అనే ఆయన ట్రైలర్ కొనడానికి వచ్చాడు. లోపలా బయటా చూసి పర్వాలేదన్నాడు. మార్లిస్ కాఫీ తాగమంది. వద్దన్నాడు. ఆర్విడ్ తాగమన్నాడు. మళ్ళీ వద్దన్నాడు. మార్లిస్ మూడోసారి అడిగితే, శ్రమ లేకపోతే సగం కప్పు చాలన్నాడు. కంచె అవతల మొక్కలకి నీళ్ళు పోస్తున్న నాకు అప్పుడు తట్టింది. పైపు అక్కడే పారేసి పరిగెత్తాను.

"ఆర్విడ్, ట్రైలర్‌లో వెళ్దాం వస్తావా అని మార్లిస్‌ని ఎన్నిసార్లు అడిగావు?"

అతను వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. "తయారైనప్పుడు ఒకసారి. మరుసటి వేసవిలో ఒకసారి. వద్దంది కదా, ఇంకా పీడిస్తే ఏం బావుంటుంది?"

కాఫీ తెస్తున్న మార్లిస్ నడుస్తున్నదల్లా ఆగిపోయింది.

"రెండుసార్లే కదా వద్దన్నాను," అంది.

డ్వేన్ కూడా ఇక్కడివాడే, విడమర్చి చెప్పక్కర్లేదు. టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. పోస్ట్‌మ్యాన్‌ని కూడా మూడుసార్లు అడిగి కాఫీ పోసే ఆర్విడ్, కట్టుకున్నదాని మాట రెండోసారికే నమ్మేశాడు. సొంత మొగుడి దగ్గర మొహమాటమేమిటనుకున్నాడట. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

ఆర్విడ్ చెవులు ఎర్రబడ్డాయి. రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.

"మార్లిస్, సరస్సు దాకా వెళ్దామా?"

శ్రమ లేకపోతే అంటుందేమోనని నేను పళ్ళు బిగబట్టాను.

"వెళ్దాం. ఇప్పుడే వెళ్దాం," అందామె.

ట్రైలర్‌ని ఆర్విడ్ బండికి తగిలించడానికి డ్వేనే చెయ్యి వేశాడు. మార్లిస్ ఇంట్లోకి వెళ్ళి చేతిసంచీ తెచ్చుకుంది, నేరుగా బండెక్కింది, బెల్టు పెట్టుకుంది. ఆర్విడ్ మాత్రం ట్రైలర్ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చక్రం బోల్టులు ఒక్కొక్కటీ తడిమి చూస్తున్నాడు. మార్లిస్ అద్దం దించి తల బయట పెట్టింది.

"అవన్నీ బాగానే ఉన్నాయి ఆర్విడ్. ఇక వచ్చి నా పక్కన కూర్చో."