కొత్త బంతికి నన్ను పంపిన సారు

సారు పోయారు. పోయిన ఆదివారం చర్చికి బయలుదేరుతూ, చొక్కా గుండీలు పెట్టుకుంటూ మంచం మీద కూర్చున్నారట, మళ్ళీ లేవలేదట. నాకు కబురు తెచ్చింది బ్యాంకు అన్న, ఒకప్పుడు మాతో క్రికెట్ ఆడిన బ్యాంకు ఉద్యోగి. స్కూటరు స్టాండు కూడా వేయకుండా దుకాణం ముందు కాళ్ళు ఆనించి నిలబడి, "సారు పోయిండు తమ్మీ, దుకాణం బంద్ చెయ్" అన్నాడు. నేనప్పుడు ఒకాయనకు గొడుగు తెరిచి చూపిస్తున్నాను. ఆయన బేరం ఆడుతూనే ఉన్నాడు. తెరిచిన గొడుగు మూయడం కాసేపు నాకు చేతకాలేదు.

మట్టెవాడలో పాతవాళ్ళకు సారు ఎవరో చెప్పనక్కర్లేదు. తెలియని వాళ్ళ కోసం చెబుతున్నాను. మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పేవారు. మా గల్లీ క్రికెట్ టీముకు కెప్టెన్. చొక్కా జేబు మీద ఎప్పుడూ సుద్ద మరక, ప్యాంటు జేబులో ఎప్పుడూ పుట్నాలు. మావాళ్ళు బ్యాటింగ్ చేస్తున్నంత సేపూ ఆయన కూర్చునేవారు కాదు. అవుటై వచ్చినవాడి చేతిలో ముందు గుప్పెడు పుట్నాలు పోసి, ఆ తర్వాతే ఏదైనా అనేవారు.

నేను పరకాల దగ్గరి పల్లె నుంచి వచ్చి ఇక్కడ తాళాలు, టార్చిలైట్లు, గొడుగులు అమ్మే చిన్న దుకాణం పెట్టుకున్న రోజులవి, డెబ్బైల్లో. దుకాణం వెనకే గది. ఊళ్ళో నాకెవరూ లేరు. వారమంతా గిరాకీతో మాట్లాడేవాణ్ణి. గిరాకీతో మాట్లాడడం మాట్లాడడం కిందికి రాదు, వ్యాపారం చేసేవాళ్ళకు తెలుసు. ఆదివారం షట్టరు దించితే ఆ మాటలు కూడా ఉండవు.

ఒక శనివారం సారు తాళం కొనడానికి వచ్చారు. టీము సామాను పెట్టే గదికట. డబ్బులిచ్చాక పోకుండా, ఆదివారం ఏం చేస్తావని అడిగారు. పడుకుంటానన్నాను. బ్యాటు ఎప్పుడైనా పట్టావా అన్నారు. ఊళ్ళో పట్టానన్నాను. "అయితే రా" అన్నారు. అంతే. నాకు ఆదివారాలు దొరికాయి.

మా మ్యాచులు చర్చి వదిలాకే మొదలయ్యేవి. సారు లోపల ప్రార్థనలో ఉంటే మిగతా టీమంతా గోడ బయట చుట్టిన మ్యాటు మీద వరసగా కూర్చునేవాళ్ళం. చివరి పాట వినబడగానే లేచి మ్యాటు భుజాన వేసుకోవాలి. ఏ పాట చివరిదో మాకందరికీ తెలిసిపోయింది. అవతలి టీములు మాకు టాస్ పాస్టరుగారే వేస్తారని ఎగతాళి చేసేవి.

ఆ మ్యాటు గురించి చెప్పాలి. కొబ్బరి పీచుతో నేసిన పొడుగాటి చాప అది. గట్టి నేల మీద పరిచి, చుట్టూ మేకులు కొట్టి బిగించేవాళ్ళం. దాని మీద కొత్త బంతి పడితే సరాసరి ఛాతీ మీదికి లేచేది. కొన్ని ఓవర్లు పోతే పీచుకు రాసుకుని బంతి మెత్తబడేది, బుద్ధిగా వచ్చేది. ఆ మెత్తబడే దాకా నిలబడేవాడు ఒకడు కావాలి. సారు నన్ను పెట్టారు. నేను బంతిని బ్యాటుతో కాళ్ళ దగ్గరే చంపేసేవాణ్ణి, చంపలేనివి పక్కటెముకల మీద తీసుకునేవాణ్ణి. పరుగులు మాత్రం వచ్చేవి కావు. బంతి మంచిగయ్యే వేళకు నేను అవుట్. తిరిగొస్తే సారు ఎన్ని కొట్టావని ఎన్నడూ అడగలేదు. "మెత్తవడ్డదా తమ్మీ?" అని అడిగేవారు.

బ్యాంకు అన్నకు ఇది నచ్చేది కాదు. ఆయన కింద వరసలో దిగి, మెత్తబడ్డ బంతిని దంచి, చాలాసార్లు నాటౌటుగా మిగిలేవాడు. యావరేజ్ తీసేటప్పుడు పరుగుల్ని అవుటైన సార్లతోనే భాగిస్తారు కదా, నాటౌట్లు భాగహారంలోకి రావు. అందుకని ఆయన యావరేజ్ ఆకాశంలో, నాది నేల మీద. ఆయన చెడ్డవాడు కాదు. లెక్క లెక్కే అనేవాడు. ఒక మ్యాచ్ ఓడిపోయాక చాయ్ హోటల్లో అందరి ముందూ సారునే పట్టుకున్నాడు.

"మీరు లెక్కల సారే గద. వీని యావరేజ్ మీరే తీయుండ్రి. తీసినంక టీముల వీడెందుకో చెప్పుండ్రి."

సారు చాయ్ ఊదుకుంటూ అన్నారు. "పరకాల బస్సుల నిలవడి వచ్చినోనికి, కూసోని వచ్చినోనికి టికెట్టు ఒక్కటే. అలుపు ఒక్కటేనా?"

"అట్ల గాదు సార్. ఒంటరి పిలగాడు, ఆదివారం ఏడ వోతడని మీకు జాలి. అదే చెప్పుండ్రి, మేం ఊకుంటం."

నేనక్కడే, బల్ల చివర కూర్చుని ఉన్నాను.

"జాలైతే చాయ్ తాపిస్త," అన్నారు సారు. "కొత్త బంతి ముందలికి తోలుతనా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ గదికి వెళ్ళాక బ్యాంకు అన్న మాటే మిగిలింది. నిజమేనేమో. పాపమని పెట్టుకున్నారేమో. ఆ తర్వాత ప్రతి ఆదివారం ఆ అనుమానాన్ని కూడా ప్యాడ్లతో పాటు కట్టుకునే దిగేవాణ్ణి. సారును అడగలేను. అవునంటే నాకు వెళ్ళడానికి ఇంకో చోటు లేదు.

అప్పుడు పరకాల మ్యాచ్ వచ్చింది. మా ఊరికి దగ్గర. చిన్నాయనకు కబురు పెట్టాను. ఊరోళ్ళంతా వస్తామన్నారు. ముందురోజు సాయంత్రం సారు దుకాణానికి వచ్చారు. స్టూలు జరిపితే కూర్చోలేదు.

"రేపు నువ్వు ఆడుతలేవు తమ్మీ. ఆడ మ్యాటు లేదు, ఉత్త మన్ను. బంతి లేవదు, నేల వట్టుకొని వస్తది. నీ కాలు ముందటికి రాదు."

"మా ఊరోళ్ళు వస్తాన్రు సార్."

"ఎరుకనే. అందుకే నేనే వచ్చి చెప్తాన్న."

అయినా వెళ్ళాను. వెళ్ళి నీళ్ళు మోశాను. చిన్నాయన పదిమందిని వెంటేసుకుని వచ్చి, ఆడుతున్నానని చెప్పి బిందె మోస్తున్నావేందిరా అని అందరి ముందూ అడిగాడు. నేను జవాబు వెతుక్కుంటుంటే సారు నడుచుకుంటూ వచ్చి చిన్నాయన పక్కన నిలబడ్డారు.

"మీ పిలగాడు మా మ్యాటు మీద మొదటోడు. ఈడ మ్యాటు లేదు."

చిన్నాయన రైతు. నల్లరేగడిలో వేసేది ఎర్రచెల్కలో వేయరని ఆయనకు ఒకరు చెప్పాలా? తలూపి, చెట్టు నీడకు పోయి కూర్చుని మ్యాచ్ చూశాడు. నా బదులు బ్యాంకు అన్న మొదట దిగాడు. కాలు ముందుకు వేసి చక్కగా ఆడాడు. మేం గెలిచాం.

తిరుగు బస్సులో అందరూ పాటలు. నేను కిటికీ పక్కన కూర్చుని కోపంగానే ఉన్నాను. దారిలో ఎక్కడో ఆ కోపం నెమ్మదిగా ఇంకో రకంగా మారింది. జాలి పడాలంటే ఈ రోజుకు మించిన రోజు లేదు. నా వాళ్ళంతా చూస్తుండగా నన్ను ఆడించి ఉండొచ్చు. ఆడించలేదు. అంటే ఇన్నాళ్ళూ పెట్టుకున్నది కూడా పాపమని కాదు. పైవారం మా మ్యాటు మీద కొత్త బంతి నా చేతికిచ్చి, అంపైరుకు ఇచ్చి రమ్మని, వెనకే బ్యాటు పంపి నన్నే మొదట దించారు. ఆ రోజు మొదటిసారి తేలిగ్గా ఆడాను. పరుగులు మాత్రం పెరగలేదు, అది కూడా చెప్పాలి.

ఎనభైలు వచ్చేసరికి మ్యాటు చిరిగిపోయింది, టీము చెదిరిపోయింది. సారు మాత్రం బడి వదిలాక నా దుకాణంలో కూర్చుని రేడియోలో కామెంటరీ వినేవారు. ఎవరైనా ఓపెనర్ తొందరగా అవుటైతే నా వైపు చూసేవారు. అది మాకు పెద్ద సంభాషణే.

మొన్న సమాధుల దగ్గర సారు మీద మట్టి వేశాక బ్యాంకు అన్న నా పక్కకు వచ్చాడు. జుట్టు నెరిసింది ఆయనకు కూడా. "ఇప్పటికీ నేను నా లెక్కనే కరెక్ట్ అంట తమ్మీ. గనీ ఇగ ఎవలతోని కొట్లాడాలె?" అన్నాడు. అక్క, అంటే సారు భార్య, మమ్మల్ని చూసి ఇంటికి వచ్చి తిని పొమ్మంది. ఇద్దరం తలూపాం, ఇద్దరం వెళ్ళలేదు.

నిన్న టీవీల షాపు ముందు జనం మూగి ఉంటే నేనూ ఆగాను. మనవాళ్ళ ఓపెనర్ అప్పుడే అవుటయ్యాడు. ముందున్న పిల్లలు వాడి యావరేజ్ చెప్పుకుంటూ తీసి పారేయాలంటున్నారు. "ఆగుండ్రి, బంతి ఎట్లున్నదో చూసిన్రా" అని మొదలుపెట్టాను. వాళ్ళు వెనక్కి తిరిగి, మర్యాదగానే, తర్వాతి మాట కోసం చూశారు. ఆ మాట చెప్పాలంటే ఎక్కడినుంచో మొదలుపెట్టాలి. ఏం లేదు బాబూ అన్నాను.

తెర మీద ఆ ఓపెనర్ బ్యాటు చంకన పెట్టుకుని, గ్లౌజులు విప్పుకుంటూ, అంత పెద్ద గ్రౌండులో ఒక్కడే నడిచి వస్తున్నాడు. వాడు లోపలికి చేరకముందే అడ్వర్టైజ్‌మెంటు వచ్చింది.