చెవికి అందిన చెయ్యి

మా బడిలో సగం మంది పిల్లలు జూలై ఒకటో తేదీనే పుట్టారు. నవ్వకండి, అలా రాసింది నేనే. ఉరవకొండ దగ్గరి పల్లెలో టీచరుగా చేరిన కొత్తలో పిల్లవాడు ఎప్పుడు పుట్టాడని అడిగితే "కరువేడు" అనేవాళ్లు తల్లులు. మా సీమలో కరువు లేని ఏడు ఏదని? అందుకే కుడిచెయ్యి తల మీదుగా తిప్పి ఎడమచెవి పట్టుకోమనేవాళ్లం. అందితే ఐదేళ్లు నిండినట్టే. జూలై ఒకటి వేసి చేర్చుకునేవాళ్లం.

మా ఇంటికి పాలు పోసే ఆమె కూతురికి మూడున్నరేళ్లకే చెవి అందింది. చేతులు పొడుగు. దానికి ఐదేళ్లు లేవని నాకు బాగా తెలుసు, నా కొడుకు తర్వాత నెలకు పుట్టిన పిల్ల. కానీ తల్లి కూలికి పోవాలి, నేను బడిలో పిల్లల సంఖ్య చూపాలి. రాసేశాను.

రెండు వేల సంవత్సరం దాటాక, వానలు వరసగా ఎగ్గొట్టిన ఒక ఏడు, ఆ పిల్ల ఎండిన బోరు దగ్గర మోటారు తీగ కోసి పాత ఇనుము కొట్లో అమ్మబోతూ దొరికిపోయింది. అప్పటికి కొత్త చట్టం వచ్చింది. పద్దెనిమిది నిండని వాళ్లను జైల్లో పెట్టకూడదు, బాలల బోర్డు ముందుంచాలి. చిన్న నేరమైతే మందలించి ఇంటికి పంపవచ్చు. మన రాష్ట్రం కూడా దానికి నిబంధనలు రాసుకుంది. అంత మంచి చట్టానికి నా రిజిస్టరు అడ్డం పడింది. దాని ప్రకారం పిల్లకు పద్దెనిమిది దాటాయి.

తల్లి మా గడపలో కూలబడింది. "మేడమ్, నా బిడ్డను పెద్దోళ్ల జైలుకు పంపుతారంట. నీ కొడుకు పుట్టిన నెలకే గదమ్మా ఇది పుట్టింది? నీ కొడుక్కు పదహారైతే నా బిడ్డకు పద్దెనిమిది ఎట్లయితాదమ్మా?"

నాకు సిగ్గేసింది. నా కొడుక్కు మాత్రం ఆసుపత్రి చుట్టూ తిరిగి పుట్టిన సర్టిఫికెట్ తెచ్చి బీరువాలో పెట్టుకున్నాను కదా!

హెడ్మాస్టరు వద్దన్నాడు. "మన రిజిస్టరు తప్పని మనమే అంటే కొంప మునుగుతాది మేడమ్."

"మునిగితే ఈదుకుంటాలే సార్," అన్నాను. నా నోరు అంతే, ఎవరి ముందూ ఆగదు.

కొడుకు సర్టిఫికెట్ చేతపట్టుకుని అనంతపురం పోయి బోర్డు ముందు నిలబడ్డాను. మేజిస్ట్రేటు కళ్లద్దాలు తీసి చూశాడు. "తెలిసే తప్పు రాశారా?"

"తెలిసే రాసినాను సార్. చేతులు పొడుగని ఏడాదిన్నర పెంచినాను. అది నా తప్పు, పిల్లకెందుకు శిక్ష?"

పిల్ల తలెత్తి నావైపు చూసింది. డాక్టర్లతో ఎముకల పరీక్ష చేయించారు. పదహారు దాటింది, పదిహేడు నిండలేదని రాసిచ్చారు వాళ్లు. బోర్డు ఆ పిల్లను మందలించి, నెలకోసారి ప్రొబేషన్ అధికారికి కనబడమని చెప్పి తల్లికి అప్పగించింది. బయటికి రాగానే ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని అడిగింది. "మేడమ్, మీకేమన్నా చేస్తారా?"

"చేస్తే చేయనీలే. నువ్వు ముందు ఇంటికి పో."

చేశారు. తప్పుడు తేదీ ఎందుకు వేశారో చెప్పమని మెమో వచ్చింది. మా ఆయన రాత్రంతా కూర్చుని తప్పించుకునే జవాబు ఒకటి తయారు చేశాడు. చించేశాను. "ఆ తేదీ నేనే రాశాను, తప్పు రాశాను, బోర్డు ముందు దిద్దుకున్నాను," అని రాసి సంతకం పెట్టాను. నా సర్వీసు పుస్తకంలో ఉన్న మచ్చ అదొక్కటే. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు గర్వంగానే ఉంటుంది.