తలుపు దొరకని గుడారం

దయ్యాల కథలు చెప్పేటోళ్ళంటే నాకు ఒళ్ళు మంట. ముందుగాలనే చెప్తున్న. మా అమ్మ చర్చిల ఆడోళ్ళకు బైబిలు చదివి వినిపిస్తుండె. దయ్యాలను వెళ్ళగొట్టిన సంగతులు అండ్ల చదువుకున్నం గని, మా ఇంట్ల ఎవరన్న "అగో దయ్యం" అంటే అమ్మ చేతిల వీపు పగులుడే. సమాధుల గోడ పక్క నుంచి బడికి పోయి వచ్చిన, ఏనాడూ ఏం కనబడలే. ఇప్పుడు సుత దయ్యాన్ని చూసిన అని నేను అంటలేను. జరిగింది చెప్తున్న, అంతే. అది జరిగింది పట్టపగలు, మా అమ్మ బయట బియ్యం చెరుగుతుంటే.

ఇన్నేండ్లకు ఎందుకు చెప్తున్ననంటే, మొన్న మా మనవడు దోస్తులతోని అడవికి పోతనని ఏ.ఎస్. రావు నగర్ల ఒక టెంటు కొనుక్కచ్చి హాల్ల వేసిండు. విసిరితే తెరుచుకునే రకం. "లోపలికి రా నానమ్మా, జెర చూడు" అన్నడు. రాను అన్న. "భయమా?" అన్నడు. అవునన్న. వాడు పడీ పడీ నవ్విండు. "పొయ్యేకాడ నేల ఎట్లుంటదిరా?" అని అడిగితే ఇంకా నవ్విండు. కూసోబెట్టి మొత్తం చెప్పినంక నవ్వలే. రాసిపెట్టు నానమ్మా అని వాడే అన్నడు.

నేల సంగతి అడుగుడు మా నాయిన అలవాటు. చిలకలగూడల మాకు గుడారాలు కిరాయికిచ్చే దుకాణం ఉండె. నాయిన పడుచుతనంల బొల్లారంల మిలిటరీ పల్టనుకు గుడారాలు కుట్టేటోడు. తర్వాత పాతవి కొని, బాగు చేసి, సొంతంగ షురూ చేసిండు. ఎవరొచ్చి గుడారం కావాలన్నా నాయిన ముందు అడిగేది "ఎటు పోతున్నరు? ఆడ నేల ఎట్లుంటది?" అని. కొందరికి కోపమొస్తుండె. "గుడారం అడిగితే నేల సంగతి నీకెందుకయ్యా" అంటుండ్రి. నాయిన వినకపోతుండె.

వేటకు పోయి పూటకో జాగ తిరిగే షికారోళ్ళకు చోల్దారి అని ఇద్దరు పట్టే చిన్న గుడారం ఇస్తుండె. సర్కారు పని మీద దౌరా పోయి ఒక్క ఊర్ల వారం పదిరోజులు ఉండే ఆఫీసర్లకు రెండు పొరల పెద్ద గుడారం, ఎండ లోపలికి దిగకుంట. చెట్లు దగ్గర దగ్గర ఉండి, కింద తేమ, తేళ్ళు ఉన్న అడవికైతే వల ఉయ్యాల. రెండు చెట్లకు కట్టుకుని, మీద వాన గుడ్డ కప్పుకుని పండుకునుడే. ఇగ నల్లరేగడి నేల, అండ్ల వాన కాలం అంటే నాయిన తల అడ్డంగ ఊపుతుండె. నానిన రేగడిల మేకులు నిలువయ్. రెండు పొరల గుడారం తడిస్తే ఎంత బరువైతదో మోసినోళ్ళకే తెలుస్తది.

బొక్కలు చూసుడు నా పని. గుడారం కిరాయికి పోయే ముందు మా వాకిట్ల వేసి, నేను లోపలికి పోయి, తలుపు గుడ్డకుండే తాళ్ళు లోపలి నుంచి కట్టుకుంటుంటి. చీకటికి కండ్లు అలవాటు పడ్డంక, ఎక్కడ బొక్క ఉంటే అక్కడ వెలుతురు చుక్క కనబడ్తది. సుద్దముక్కతోని దాని చుట్టు గీత గీసుడు, బయటికొచ్చుడు. నాయిన ఆ గీతలు చూసుకుంట కుడుతుండె. చిన్నప్పటి నుంచి చేసిన పని, నిద్రల చెయ్యమన్నా చేస్తుంటి.

పోలీస్ యాక్షన్ అయిన ఏడాదే అది, గని యాక్షన్ ఇంకా కాకముందు. షికార్లు లేవు, దౌరాలు లేవు, దుకాణం ఈగలు తోలుకుంటుండె. ఊర్లల్ల రజాకార్ల పేరు చెప్తే పిల్లలు ఏడుపు ఆపుతుండ్రి. పట్నంల ఉన్నోళ్ళకు బయటికి పోదమంటే భయం, ఉందమంటే భయం. బోనుల పడ్డట్టే ఉండె బతుకు. చదువుకునే పిల్లలు ఒక్కొక్కలే కాలేజీలు ఇడిచిపెట్టి, నిజాం మీద కొట్లాడేందుకు కృష్ణ అవతల సరిహద్దు క్యాంపులకు పోతుండ్రి.

మా తమ్ముడు ప్రభాకర్ సుత పోతనన్నడు. నాకు ఒక్కడే తమ్ముడు. అమ్మ ఏడ్చింది, నేను తిట్టిన, వాడు వినలే. నాకు దేశం సంగతి, నిజాం సంగతి ఏం పట్టకపోతుండె. వాడు తిరిగి రావాలె, అంతే. నాయిన "పోతే పో గని మంచి గుడారం తీస్కపో" అని దుకాణంల అన్నిట్ల గట్టిదైన రెండు పొరల గుడారం తీసిండు. ఆ గాబరల నేల సంగతి అడుగుడు మరిచిండు. గడ్డి బండి మీద, గడ్డి కింద దాచి సరిహద్దుకు పంపాలని అనుకున్నరు.

బొక్కలు చూద్దమని నేను లోపలికి పోయిన. అన్నాలు తిన్నంక. మబ్బు లేదు, ఒకటే ఉక్క. అమ్మ గుడారం పక్కన చాటల బియ్యం చెరుగుతున్నది. ప్రభాకర్ ఆమె పక్కన కూసోని జామకాయ తింటున్నడు. తలుపు తాళ్ళు కట్టుకున్న. నాలుగైదు చుక్కలు కనబడ్డయ్, గీతలు గీసిన. అయిపోయింది, పోదమని తిరిగితే తలుపు లేదు.

తాళ్ళు లేవు, గుడ్డ మీద గుడ్డ ఎక్కే జాగ లేదు. ముందు నవ్వొచ్చింది, ఎటో తిరిగి ఉంట అనుకున్న. రెండు చేతులు గుడ్డకు ఆనిచ్చి చుట్టు తడుముకుంట పోయిన. మూల తగిలింది, కుట్టు తగిలింది, ఇంకో మూల తగిలింది. తలుపు తగలలే. మళ్ళీ తిరిగిన. కింది అంచు ఎత్తుదమని చూస్తే నేలకు అతికినట్టు ఉన్నది. "అమ్మా!" అని ఒర్లిన. బయట చాట చప్పుడు ఆగలే. బియ్యం ఎగిరి చాటల పడుడు నాకు మంచిగ వినబడ్తుంది. నా ఒర్లుడు ఆమెకు వినబడ్తలే.

నేను గీత గీసిన వెలుతురు చుక్కలు ఒక్కొక్కటే ఆరిపోయినయ్. చాట చప్పుడు పోయింది. గుడ్డ మీద వాన పడుతున్నది. నానిన రేగడి వాసన ముక్కుల కొట్టింది. గుడ్డ బరువెక్కి నా తల మీదికి దిగుతున్నట్టు అనిపించింది. అది అనిపించిందో, నిజంగనే దిగిందో నేను చెప్పలేను.

గుడ్డకు అటు పక్క నుంచి ఎవరో అన్నరు, "అక్కా, తలుపేది?"

మా ప్రభాకరే ఆటపట్టిస్తున్నడనుకున్న. "నీ మొఖం తగలబడ! బయట నిలబడి నన్ను అడుగుతవేందిరా, తలుపు తియ్!" అన్న.

"అక్కా, ఊపిరాడ్తలే. తలుపేదక్కా?"

ఆ గొంతు ఆటపట్టించే గొంతు కాదు. నా బొడ్ల ఎప్పుడూ దారాలు కత్తిరించే కత్తెర ఉంటుండె. అది తీసి గుడ్డల పొడిచి, రెండు పొరలు జానెడు చీరిన. వెలుతురు రాలే. చెయ్యి బయట పెట్టిన. అటు నుంచి ఒక చెయ్యి వచ్చి నా చెయ్యిని పట్టుకున్నది.

సల్లగ, తడిగ, మట్టి మట్టిగ ఉన్నది. మొగపిల్లగాని చెయ్యి. నేను బయటపడుదమని చెయ్యి చాపితే, వాడు సుత బయటపడుదమనే నా దిక్కు చాపిండు. ఆ సంగతి నాకు అప్పుడే అర్థమైంది. ఎట్ల అర్థమైందని అడగొద్దు. నాకు బయట అయిన జాగ వానికి లోపల. "ఇడువకు, గట్టిగ పట్టుకో" అన్న. మొత్తం బలం పెట్టి గుంజిన. వాడు సుత గుంజిండు.

అంతట్లనే వెనక నుంచి భగ్గున వెలుతురు పడ్డది. నాయిన తలుపు తీసిండు. తలుపు ఎప్పుడూ ఉండే కాడనే ఉన్నది, నేను కట్టిన తాళ్ళతోనే ఉన్నది. చానసేపు రాకపోతే దుకాణం నుంచి వచ్చిండట. నా చేతిల ఏం లేదు.

గుడ్డ చిరిగి నా చెయ్యి బయటికి రావుడు అమ్మ, ప్రభాకర్ ఇద్దరూ చూసిండ్రు. లోపల నుంచి నా చప్పుడు ఏం రాలేదట. చెయ్యి మాత్రం ఎవరిదో పట్టుకున్నట్టు గాలిని పట్టుకుని గుంజుతుండెనట. షేక్‌హాండ్ ఇద్దమని ప్రభాకర్ దగ్గరికి పోయి, నా చేతి నుంచి నీళ్ళు కారుడు చూసి వెనక్కి జరిగిండట. మణికట్టు దాంక నా చెయ్యి తడిసి, నల్ల మట్టి అంటి ఉన్నది. మా వాకిలంత ఎర్ర మొరం. ఆ రోజు చినుకు సుత పడలే.

"ఉక్కకు తల తిరిగింది బిడ్డా" అన్నడు నాయిన. మట్టి సంగతి అడిగితే చెంబుల నీళ్ళు తెచ్చి నా చెయ్యి తనే కడిగిండు.

నేను ప్రభాకర్ అంగీ పట్టుకున్న. "ఈ గుడారంల పండుకోవద్దురా. నా మీద ఒట్టు" అన్న. "దయ్యాలున్నయని అమ్మ బైబిలు మీద ఒట్టేసి చెప్పు, అప్పుడు ఇంట" అని నవ్విండు. ఇట్ల కాదని నాయిన దారిల వచ్చిన. "క్యాంపు కాడ నేల ఎట్లుంటదో అడుగు నాయినా" అన్న. రేగడి అన్నడు వాడు. నాయిన నా దిక్కు చూసిండు. "ఉయ్యాల తీస్కపో కొడుకా. చేతి సంచిల పడ్తది, రైలుకు పోవచ్చు" అన్నడు. నాయిన మాట వాడు కాదనలే. తెల్లారి పొద్దున వాన్ని రైలెక్కించి వచ్చిన. నాకు పానం లేచి వచ్చినట్టయింది.

ఇంటికొచ్చేసరికి వాకిట్ల గుడారం లేదు. నాయిన చిరుగుకు గట్టి మాసిక వేసి, అదే రేగడి దిక్కు ఇంకో క్యాంపుకు పోయే పిల్లలకు కిరాయికిచ్చిండు. గడ్డి బండి అప్పటికే పోయింది. "ఎందుకిచ్చినవ్?" అని ఎగిరిన. "అడిగిండ్రు బిడ్డా. గుడ్డ ఏం చేస్తది?" అన్నడు.

తర్వాత పోలీస్ యాక్షన్. తలుపులు బిగించుకుని ఇంట్ల కూసున్నం, బయట ఏమైతున్నదో తెల్వక. అదంత అయిపోయినంక ఒకనాడు ప్రభాకర్ గడ్డం పెంచుకుని, సంచి భుజాన వేసుకుని ఇంట్లకొచ్చిండు. అమ్మ మోకాళ్ళ మీద పడ్డది. నేను వాన్ని కొట్టిన, ఏడ్చిన, అన్నం పెట్టిన. ఉయ్యాలల పండి నడుము విరిగిందని నన్నే తిట్టిండు. వాన్ని దక్కించుకున్న అనుకున్న. దేవునికి ఎన్ని దండాలు పెట్టిన్నో.

కొన్ని రోజులకు ఒక ఆడమనిషి బండి మీద గుడారం తెచ్చి దుకాణం ముందు దించింది. నాకంటె రెండు మూడేండ్లు పెద్దది కావచ్చు. నల్గొండ దిక్కు మనిషి. నాయిన లోపల ఉండె, నేనే ఎదురు పోయిన. "మా తమ్ముడు నర్సింహులు తీస్కపోయిన గుడారం" అన్నది. "మీ సొమ్ము మీకు ముట్టాలె గదా."

నేను అడగకముందే చెప్పింది. పెద్ద వాన పడ్డదట. తోటి పిల్లలు తెల్లారక ముందే లేచి గట్టు మీది బడిలకు పోయిండ్రట. ఇతనికి జరం, లేవలేక పండుకున్నడట. మేకులు ఊడి, తడిసిన గుడ్డ మీద పడ్డది. వాన తెరిపిచ్చి వాళ్ళు తిరిగొచ్చేసరికి అంత అయిపోయింది. మాసిక వేసిన కాడ చిరిగి, చెయ్యి ఒక్కటి బయట ఉన్నదట. ఎవరిదో చెయ్యి పట్టుకున్నట్టు వేళ్ళు ముడుచుకుని.

ఆనాడు గుడారంల అక్కా అంటే నన్నే అనుకున్న. ఎవల తమ్ముడు ఎవల అక్కను పిలిచిండో!

"వానికి నేను ఒక్కదాన్నే" అన్నదామె. "తల్లి లేదు. నేనే సాదిన. మనిషి తోడు లేకుంట పోయిండమ్మా. అదే నాకు తిండి తిననిస్తలే."

చెప్తే పిచ్చిదనుకుంటది, కడుపు మండి తిడ్తది అనుకున్న. అయినా చెప్పిన. అంత చెప్పిన. ఆమె తిట్టలే. నా కుడి చెయ్యి తీసుకుని, అటు ఇటు తిప్పి చూసింది.

"గట్టిగ పట్టుకున్నడా?"

"గట్టిగనే పట్టుకున్నడు."

"నువ్వేమన్నవ్ వానితోని?"

"ఇడువకు అన్న."

నా చెయ్యి తన చెంపకు ఆనిచ్చుకుని ఏడ్చింది. నేను సుత ఏడ్చిన. బండాయన ఎద్దులను పట్టుకుని అటు తిరిగి నిలబడ్డడు. ఏడ్చి ఏడ్చి, కొంగుతోని ముఖం తుడుచుకుని, నా చెయ్యి ఇంకా పట్టుకునే ఉండి మెల్లగ అడిగింది.

"మరి ముందుగాల ఎవరు ఇడిచిండ్రు?"

తలుపు ఎట్ల మాయమైంది, తర్వాత జరిగేది నాకు ముందే ఎట్ల వినబడ్డదని మా మనవడు అడిగిండు. అవి నాకు తెల్వయ్, తెల్వకున్నా బతికిన. ఆమె అడిగింది మాత్రం అట్ల కాదు. వెలుతురు పడ్డప్పుడు నా చెయ్యి ఖాళీగ ఉన్నది. వాడు జారిపోయిండా, వెలుతురు చూసి నేను ఇడిచిన్నా? ఎన్నిసార్లు తలుచుకున్నా ఆ కాడికి వచ్చి ఆగిపోత.

"తెల్వదమ్మా" అన్న ఆమెతోని. ఇప్పటికీ తెల్వది.