పోగు తెగితే చెప్పాలి

పోయిన నెల ధర్మవరంలో మా మామ పోయారు. పొద్దున్నే మగ్గం పక్కన పెట్టుకోవడానికి చెంబు నిండా నీళ్లు తెచ్చుకుని, గడప దగ్గర కూర్చుని, అలాగే ఒరిగిపోయారు. గుండె ఆగిందన్నారు డాక్టరు. ఏడేళ్లుగా ఒంటరిగా బరువంతా మోసుకొచ్చిన ఆయన కుడి కిడ్నీ మాత్రం చివరిదాకా మాట తప్పలేదు.

మామ అంటే మా ఆయన తండ్రి. హిందూపురం నుంచి కోడలిగా వచ్చిన నాకు పట్టుచీర నేత నేర్పింది ఆయనే. మగ్గం గుంటలో దిగితే మధ్యాహ్నం దాకా పైకి వచ్చేవారు కాదు. నీళ్లు తాగితే మాటిమాటికీ లేవాలి, చుక్క పడితే పట్టుకు మరక. అందుకని అక్కడ నీళ్లే పెట్టనిచ్చేవారు కాదు. ఏళ్ల తరబడి అలా దాహం చంపుకుంటే రాళ్లు పెరిగి ఎడమ కిడ్నీ పాడైంది.

తీసేయాలని బెంగళూరు డాక్టరమ్మ కన్నడంలో చెప్పింది. మామకు ఆ భాష రాదు, కన్నడ సరిహద్దు ఊళ్లో పెరిగిన నేనే తెలుగులో చెప్పాలి. ఇది చిన్న ఆపరేషన్ కాదు, రక్తం బాగా పోవచ్చు, చీము పట్టవచ్చు, కాళ్లలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు అని ఆమె విడమరిచి చెప్పింది. నేను మాత్రం ఏమీ కాదట, వారంలో ఇంటికి పోవచ్చట అని తేల్చేశాను. భయపడతారని నా అతితెలివి.

తిరుగు రైలు హిందూపురం దాటింది. పెనుకొండ కొండ కనబడ్డాక అడిగారు.

"ఆయమ్మ అంతసేపు మాట్లాడె. నువ్వు రెండు ముక్కలు చెప్తివి. మిగతాదంతా యాడ పోయెమ్మా?"

మీరు భయపడతారని దాచాను అన్నాను.

"పోగు తెగితే చెప్పల్ల. చెప్తే ముడేసుకుంటా. దాస్తే చీర పొడుగునా గీత పడ్తాది."

ఏడుస్తూ అంతా చెప్పాను. ధర్మవరం వచ్చేదాకా అడుగుతూనే ఉన్నారు. మర్నాటి నుంచి బీడీలు మానేశారు. బత్తలపల్లిలో ఉన్న మేనల్లుళ్లిద్దరినీ రక్తం ఇవ్వడానికి ఆయనే ఒప్పించుకున్నారు. ఆపరేషన్లో రక్తం నిజంగానే చాలా పోయింది. వాళ్లిద్దరూ వచ్చి ఉండబట్టి సరిపోయింది. ఆయన నాతో చెప్పించుకోకపోతే వాళ్లు అక్కడ ఉండేవారే కాదు.

ఇంటికొచ్చాక మగ్గం పక్కకు చెంబు చేరింది. గంటకోసారి నా వైపు చూసి, "తాగితివా?" అనేవారు.

కర్మ అయ్యాక ఆయన మగ్గంలో దిగాను. సగం నేసిన చీర మీద, అంచుకు దగ్గరగా, చిన్న నీటి మరక. ఒకప్పుడైతే అలాంటి చుక్క నేను పడేస్తే ఆయన తిట్టిపోసేవారు. చెంబు ఎత్తి కడుపునిండా తాగి, ఆ మరక పక్కనుంచే నేత మొదలుపెట్టాను.