మార్టూరు పెళ్లిలో ఆగిపోయిన చీరాల ప్రయాణం

నవంబరు నెల, ఆదివారం ఉదయం. సముద్రంలో వాయుగుండం ఉందని వార్తల్లో చెప్పినప్పటి నుంచి మా వీధి కుర్రవాళ్లు సహాయానికి వెళ్లేవారి పేర్లు రాసుకుంటున్నారు. నిన్న సాయంత్రానికి నలభై చేరాయి. నలభై మందీ వెళ్లేవాళ్లే, ఉండేవాళ్లు ఒక్కరూ లేరు. అది చూశాక ఎనభైలలో నేను చేసిన ఒక ప్రయాణం గుర్తొచ్చింది. ఈ దారిన వెళ్లబోయేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

అప్పుడు నేను గుంటూరు బ్రాడీపేటలో లెక్కల పంతులమ్మను. తుఫానులో ఇళ్లు పోయిన చీరాల అవతలి పల్లెలవాళ్లకు వంటశాల నడపాలని మా పేటలో ఒక కమిటీ ఏర్పడింది. మనుషులను వెతికి పంపే పని నాకు అప్పగించారు. డాక్టర్లు దొరికారు, నర్సులు దొరికారు, బావుల దగ్గర చల్లడానికి పిడుగురాళ్ల నుంచి సున్నం బస్తాలూ వచ్చాయి. వంటకు కాలేజీ కుర్రవాళ్లు వెళ్లారు. ఆరువందల మందికి ఎసరు పెడితే అడుగు మాడింది, పైన బియ్యం బియ్యంగానే ఉన్నాయి. ఆ పూట జనం అటుకులు నానబెట్టుకుని తిన్నారు. తడి కట్టెల మీద గుండిగలతో అన్నం వార్చగల మనిషి వెంటనే కావాలి. మా పేట ఆడవాళ్లు ఎనిమిది మంది వస్తామన్నారు గాని, ఇంట్లో ముప్పై మందికి వండినవాళ్లు అక్కడ చాలరని వద్దన్నాను.

పెళ్లి వంటల సుబ్బారాయుడు గారుండేది చిలకలూరిపేటలో. పొద్దున్నే బస్సెక్కాను. టిక్కెట్టు ఐదు రూపాయలకు లోపే. వంటవాణ్ణి తీసుకుని అటునుంచి అటే చీరాల వెళ్లాలని సంచీలో రెండు చీరలు, టార్చిలైటు పెట్టుకున్నాను. దారికి రెండు వైపులా మిరప మొక్కలు మోకాటి లోతు నీళ్లలో ఉన్నాయి. విచ్చిన పత్తి నల్లబడి చెట్టునే వేలాడుతోంది.

సుబ్బారాయుడు గారు నా మాట పూర్తిగా విని, ఎల్లుండి మార్టూరులో పెళ్లికి తాంబూలం పుచ్చుకున్నానన్నారు. మా వైపు పెళ్లివారి చేతి నుంచి ఆకూ వక్కా రూపాయీ అందుకున్నాడంటే ఆ తేదీకి ఆ వంటవాడు వాళ్లవాడే. దాన్ని తిరిగి తీసుకోవడం పెళ్లింటికి అశుభం, అందుకని ఎవరూ తీసుకోరు. "నాకు రావాలనే ఉందమ్మా. అడగటం మాత్రం మీరే అడగాలి, నా నోటితో నేను అడగను" అన్నారాయన. ఇద్దరం మార్టూరు బస్సెక్కాము.

పెళ్లికూతురి తండ్రి కోటేశ్వరరావు పత్తి రైతు. పెళ్లి పందిరి కింద తడిసిన పత్తి ఆరబోసి ఉంది. ఆయన తల్లి ఆ పక్కనే కూర్చుని మంచిదీ చెడ్డదీ వేరు చేస్తోంది. నేను వచ్చిన పని చెప్పాను.

"పంతులమ్మ గారూ, పంట ఎట్టాగూ పోయింది. పెళ్లి కూడా పోవాలంటారా?" అన్నాడాయన.

అప్పుడు ముసలావిడ తలెత్తకుండానే అడిగింది. "అక్కడ తినేవాళ్లు ఎంతమందమ్మాయ్?"

ఆరువందలన్నాను. ఇక్కడ రెండొందలంది ఆవిడే. తరవాత కొడుకు వైపు తిరిగింది. "తాంబూలం ఎనక్కి పుచ్చుకోబాక. బదులు మనుషుల్ని పెట్టి ఎళ్లమను. ఒకే ముహూర్తానికి రెండు పెళ్లిళ్లు తగిలితే చేసేది అదేగా."

నిజమే, ఆ పద్ధతి ఉంది. కానీ ముహూర్తాల రోజుల్లో ఖాళీగా ఉన్న వంటవాడు ఎక్కడ దొరుకుతాడు? నేను వద్దన్న ఎనిమిది మంది అప్పుడు గుర్తొచ్చారు. తడి కట్టెల మీద ఆరువందల మందికి చాలకపోవచ్చు గాని, బావీ పొయ్యీ ఉన్న ఇంట్లో రెండొందల మందికి వండలేరా? ఆ మాటే అన్నాను. కోటేశ్వరరావు తటపటాయించాడు. ముసలావిడ మాత్రం ఒక్క షరతు పెట్టింది. "నువ్వు ఇక్కణ్ణే ఉండాలి. వంట చెడితే ఎవర్ని తిట్టుకోవాలి మరి?"

చీరాల నలభై మైళ్లు కూడా లేదు. సంచీ వైపు ఒకసారి చూసి సరేనన్నాను.

సుబ్బారాయుడు గారు ఉత్తరీయం కొంగున ముడేసుకున్న తాంబూలం విప్పి అందరి ముందూ నా చేతిలో పెట్టారు. రాయి దించి ఖాళీగా వెళ్తున్న లారీలో, పెళ్లివారిచ్చిన రెండు గుండిగలతో, అప్పటికే మార్టూరు చేరి ఉన్న తన సహాయకులు నలుగురితో పర్చూరు మీదుగా చీరాల వెళ్లిపోయారు. గుంటూరు బస్సు కండక్టరుకు చీటీ ఇచ్చాను. మర్నాడు మొదటి బస్సులో ఎనిమిది మందీ దిగారు. మా పక్కింటి రాజ్యలక్ష్మి కత్తిపీటను పాత చీరలో చుట్టి తెచ్చుకుంది. "మొన్న చాలమన్నారు. ఇవ్వాళ సరిపోయామా అక్కయ్యా?" అంది. గుమ్మడికాయ తెచ్చి ముందు పెట్టాను.

పెళ్లినాడు రెండో బంతి వడ్డిస్తుండగా ఆ లారీ డ్రైవరు వచ్చాడు. చేతిలో గరిటె అలాగే ఉంచి, అన్నం సంగతేమిటని అడిగాను.

"నిన్న మధ్యానానికే దిగిందండీ. పప్పుచారు కాశారు. పిల్లలు మళ్లీ మళ్లీ పెట్టించుకున్నారు."

కోటేశ్వరరావు అతన్ని కూర్చోబెట్టి, విస్తరి వేసి, నెయ్యి తానే వడ్డించాడు.

ఆ పల్లెలను నేను ఈనాటికీ చూడలేదు. అయినా ఆ రోజుల్లో చేసిన ప్రయాణాలన్నిటిలో నాకు ఎక్కువగా గుర్తొచ్చేది ఇదే. తడి పత్తి వాసన, పందిట్లో ఎనిమిది కత్తిపీటల చప్పుడు, ముసలావిడ సాంబారు రుచి చూసి ఏమీ అనకుండా వెళ్లిపోవడం. ఆవిడ ఏమీ అనలేదంటే బాగుందనేనని తరవాత కోడలు చెప్పింది. ఒకరు వెళ్లాలంటే వాళ్లు వదిలిన చోట ఇంకొకరు నిలబడాలి. అది నేను నేర్చుకున్నది పెళ్లి పందిట్లోనే. ఇక ఆ దారిన వెళ్లేవాళ్లకు ఒక మాట: వానల్లో పర్చూరు వాగు ఎలా ఉందో డ్రైవరును అడిగాకే బస్సెక్కండి.

మన వీధిలో ఇక జరగవలసినవి:

1. నలభై పేర్లలో ప్రతి పేరు పక్కనా, బదులుగా ఇక్కడ వాళ్ల పని చూసుకునే మనిషి పేరు రాయాలి.
2. పెళ్లి వంటవాళ్లను ఈ రోజే కలవాలి. ఎవరి తాంబూలం పుచ్చుకుని ఉన్నారో అడగాలి.
3. వెళ్లడానికి పనికిరారనుకున్నవాళ్లను ఇంటికి పంపేయకూడదు. ఏ పని వచ్చో అడగాలి.
4. బదులు మనిషి లేని పేరు కొట్టేయాలి, ఎవరు బాధపడినా సరే.
5. నర్సు పని చేసే నా మనవరాలి పేరు అందులో ఉంది. చంటిపిల్లను చూసుకోవడానికి దాని పక్కన నా పేరు రాయండి.