పద్మ బడికెళ్లే రోడ్డు

నిన్న రాత్రి మొగల్తూరు దగ్గర ఒక పల్లెలో టీచరుగా చేస్తున్న నా బీఈడీ స్నేహితురాలు పద్మ ఇంటికి వెళ్లాను. ఈ రోజు బడికి సెలవు కావడంతో, పొద్దున్నే ఇద్దరం చెరో సైకిలెక్కి, తను రోజూ బడికెళ్లే దారిలో బయల్దేరాం. ఒక పక్క ఉప్పుటేరు, ఇంకో పక్క చేపల చెరువులు, మధ్యలో బల్లపరుపుగా తారురోడ్డు. దారంతా మాకు ఎదురైనవి కొంగలే. రాజమండ్రిలో రోజూ హారన్ల మధ్య స్కూటీ తోలుకుంటూ బడికి చేరే నాకు కడుపు మండిపోయింది.

పద్మ మాత్రం ఒకటే గొణుగుడు. "ఏం రోడ్డే ఇది! పలకరించడానికి ఒక్క మనిషి కనపడడు. సాయంత్రం వస్తుంటే ఎదురుగాలి. నీకేంటే, టౌనులో హాయిగా ఉన్నావు."

నేను టక్కున సైకిలాపాను. "అయితే మ్యూచువల్ ట్రాన్స్‌ఫర్ పెట్టుకుందామా? నా బడికి నువ్వొచ్చెయ్, నీ బడికి నేనొస్తాను."

"ఎండెక్కుతోంది, ఇంటికెళ్దాం పద" అంటూ పద్మ సైకిలు వెనక్కి తిప్పేసింది.

తిరుగుదారిలో ఎదురుగాలి కొట్టినా పల్లెత్తు మాటనలేదు. పైగా ఇంటికి రాగానే నేను తొక్కిన సైకిలుకి తాళం వేసేసింది.

టీచర్లూ, ఇలాంటి రోడ్డు మీద మీకెవరికైనా విసుగు పుడితే నాకు చెప్పండి. నిజంగా పుడితేనే!